తేడా అనే గడి

ఫిబ్రవరి. పూత ఇంకా పిందె కాకముందే
జూలైలో ఎన్ని టన్నుల కాయ దిగుతుందో
నేను చెప్పాలి.
జోస్యం కాదు, ఉద్యోగం.
పూతలపట్టు రోడ్డులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ,
నెలకు పద్దెనిమిది వేలు,
మోటారు వేస్తే కళ్లు మూసుకునే పాత కంప్యూటరు.

నాకు ముందున్న గుమాస్తా అరుణాచలం
ఇరవై రెండేళ్లు ఒకటే లెక్క వేసినాడు:
"పోయినేడు ఎంతో దానిమీద పది శాతం.
ఆపైన దేవుడుండాడు."
ఆ ఆఖరి మాటను ఏ వరసలో పెట్టాలో
నాకు తెలీలేదు.

అందుకే మొదటికి పోయినాను.
తుప్పు డ్రమ్ములో తొమ్మిదేళ్ల కాటా చీటీలు.
మడతలు విప్పి, బొటనవేలితో ఒత్తి,
ఒక్కొక్కటే ఎక్సెల్‌లోకి ఎక్కించినాను.
కొన్నిట్లో రసం మరక అంకెను తినేసింది.
కిలో ధర మూడా, ఎనిమిదా?
ఆ మరక కింద
ఎవరిదో ఒక ఏడాది ఉంది.

డీజిలు ఒక నిలువు, డ్రమ్ములు ఒక నిలువు,
వడ్డీకి రెండు.
మే నెల గాలిని మాత్రం ఏ అంకెగా రాయాలి?
ఏరివేత బెల్టు దగ్గర కుప్పమ్మ నవ్వింది:
"గాలి ఎట్లా వస్తాది మేయ్.
టెంక ముదరక ముందా, ముదిరినాకా?
అది అడుగు."

అడిగినాను. ఒక షీటు మూడైంది.
ముందొస్తే ఇంత, తర్వాతొస్తే ఇంత,
రాకుంటే ఇంత.
"మూడు జవాబులు చెప్పేదానికి నువ్వెందుకు?"
అన్నాడు చెంగల్రాయప్ప, మా ఓనరు.
మళ్లీ వేలు పెట్టి చూపించినాడు:
"ఇదేంది, ఆగస్టులో అన్నీ ముళ్లకంప గీతలు?
మిషను చెడిపోయిందా?"

చెడిపోలేదు. గడి ఇరుకైతే
అంకె కంచె వెనక దాక్కుంటుంది.
మౌసుతో గీతను కొంచెం పక్కకు లాగినాను.
అప్పు బయటికొచ్చింది,
ముందు మైనస్ గుర్తు, వెనక ఏడంకెలు.
టీ మీద మీగడ కట్టేదాకా
ఎవరమూ మాట్లాడలేదు.
తర్వాత, చిన్న గొంతుతో:
"దీన్ని మళ్లీ ఇరుకు చేయొచ్చా?"

చేయలేదు. డ్రమ్ముల ఆర్డరు సగానికి కోసినాడు.
జూన్‌లో చేతులు కట్టుకుని పోయే బ్యాంకుకు
మార్చిలోనే నడుం వంచకుండా పోయినాడు.
షీటును ఫోన్లో పెట్టించుకున్నాడు.
రాత్రి పదకొండుకు కూడా
అందులో ఆయన పేరు పచ్చగా వెలిగేది.

గాలి వచ్చింది, టెంక ముదిరినాకే.
గేటు నుంచి పెట్రోలు బంకు దాకా ట్రాక్టర్లు,
తోతాపురి వాసనకు ఈగలూ తాగినట్టు తిరిగినాయి.
నా మూడు జవాబుల్లో ఏదీ నిజం కాలేదు.
నడిమిదానికి నూట నలభై టన్నుల దూరంలో
నిజం ఆగి నిలబడింది.
ఆ దూరానికి ఒక గడి కట్టి
"తేడా" అని పేరు పెట్టినాను.
అరుణాచలం పుస్తకాల్లో ఈ మాట లేదు.
ఆయన లెక్క ఏ ఏడూ తప్పలేదు,
ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి.

కొంచెం గర్వంగానే ఉన్నాను.

ఆగస్టు మొదటి శనివారం
కుప్పమ్మ చేతులు తుడుచుకోకుండానే లోపలికొచ్చింది.
"మా కూలి యాడుండాది దీంట్లో?"
పదిహేడో వరస చూపించినాను.
తెర మీద వేలు ఆనించి చదివింది:
"నాలుగు. రెండు. సున్న."
మళ్లీ చదివింది.
"ఇది పోయినేడుదే కదా మేయ్."

గాలికి మూడు ఊహలు రాసినదాన్ని
ఆ వరసలో ఒక్కటీ ఊహించలేదు.
పాతది కాపీ కొట్టి అతికించినాను, అంతే.
అరుణాచలం గుడ్డి పది శాతంలో
ఈమె కూడా ఉండేది.

ఆమె పోయింది. గాజు మీద పసుపు మరక,
సరిగ్గా ఆ గడి మీద.
కింద ఏముందో ఈసారి నాకు తెలుసు.
నాలుగొందల అరవై రెండు, టైపు చేసినాను.
ఎంటర్ నొక్కగానే
అడుగుదాకా వరసలన్నీ ఉలిక్కిపడినాయి.

లోపలి గదిలోంచి చెంగల్రాయప్ప, ఫోను పట్టుకుని:
"ఏందిబ్బా,
అంకెలు కదులుతా ఉండాయి?"